వైకాటో ఒడ్డున వందమందికి అమ్మ

హామిల్టన్‌లో శని, ఆదివారాలొస్తే మన కుర్రాళ్ల ఇళ్లల్లో ‘సీఫుడ్ బాయిల్’ సందడి మామూలే. అమెరికా దక్షిణ రాష్ట్రాల వంట ఇది. పెద్ద గిన్నెలో నీళ్లు, ఉప్పు, వెల్లుల్లి, నిమ్మకాయ వేసి మరిగించాలి. ముందు బంగాళాదుంపలు, అవి సగం ఉడికాక మొక్కజొన్న పొత్తులు, చివర్లో మస్సెల్స్, రొయ్యలు. మస్సెల్స్ నోరు తెరిచాయా, ఇక దించేయడమే! తెరవనివి పారేయాలి. కరిగించిన వెన్నలో కారం కలిపి పైన పోసుకుని, అందరూ చుట్టూ కూర్చుని చేత్తో తింటే ఆ మజాయే వేరు. ఇద్దరికి వండితే కుదరదు, పదిమంది ఉంటేనే అందం.

పదిమందికీ పెట్టడమే బతుకుగా చేసుకున్న ఒక మహాతల్లి మన హామిల్టన్ పక్కనే ఉండేవారు. వైకాటో నది వెంట ఉత్తరానికి సుమారు 20 కిలోమీటర్లు వెళితే వచ్చే నారువావాహియా ఆమె నిలబెట్టిన చోటు. పేరు తె పుయేయా హేరంగి. జనం యువరాణి అని పిలుచుకునేవారు.

1883లో పుట్టారామె. తాత తాఫియావో మావోరీ రాజు. రాజు మనవరాలే గానీ నేల లేదు. 1863-64 యుద్ధం తర్వాత వైకాటో తెగ భూములు దాదాపు 12 లక్షల ఎకరాలు ప్రభుత్వం లాగేసుకుంది. మనం ఉంటున్న హామిల్టన్ 1864లో లేచింది కూడా ఆ నేల మీదే.

1913లో మశూచి వచ్చినప్పుడు రోగులకు దగ్గరుండి సేవ చేశారు. 1918లో ఫ్లూ విరుచుకుపడింది. ఆమె ఉంటున్న మంగతాఫిరి పల్లెలో నాలుగోవంతు మంది పోయారు. అమ్మానాన్నలు లేని పిల్లలు వందమంది దాకా మిగిలారు. సొంత బిడ్డలు లేని తె పుయేయా వాళ్లందర్నీ చేరదీశారు.

వందమందికి రోజూ అన్నం పెట్టడమంటే మాటలా? పొలం దున్నించారు, తానూ ఒళ్లొంచి పనిచేశారు. 1921లో తన వాళ్లని తీసుకుని నారువావాహియా వచ్చేశారు. అక్కడున్నది ముళ్లపొదలు, బురద. వాటిని బాగు చేసి తూరంగవైవై కట్టారు. డబ్బుల కోసం పాటగాళ్ల బృందం పెట్టి ఊరూరా తిప్పారు. 1929లో ‘మహినారంగి’ అనే భవనం తెరిచారు.

వచ్చినవాళ్లకి కడుపునిండా పెట్టడం మావోరీల మర్యాద. వితంతువులు, అనాథలు, పేదల కోసం తాత 1885లో మొదలుపెట్టిన ‘పౌకై’ విందులు నేటికీ నడుస్తున్నాయి. నదిలో మలుగు చేపలు, సముద్రం నుంచి వచ్చే చేపలు, ఆల్చిప్పలు ఈ తెగలకు తరతరాల తిండి. పంది ఎముకలు, ఆకుకూర, దుంపలు ఒకే గిన్నెలో ఉడికించే ‘బాయిలప్’ కూడా వాళ్లదే. మన శనివారం గిన్నెకు అది చుట్టమే.

పోయిన భూములకు ఏటా పరిహారం ఇచ్చేలా 1946లో ఒప్పందం కుదిరింది. అందులో ఆమె పాత్ర పెద్దది. 1952లో కన్నుమూశారు. తౌపిరి కొండ మీద సమాధి చేశారు. 1995లో రెండో ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం చేసిన చట్టంతో క్షమాపణ వచ్చింది. అది చూడ్డానికి ఆమె లేరు.

తూరంగవైవై అంటే కాళ్లూని నిలబడే చోటు. దేశం కాని దేశంలో మనమూ వెతుక్కునేది అదే కదా! మార్చిలో నారువావాహియాలో నది మీద పడవ పందాలు జరుగుతాయి. పిల్లల్ని తీసుకుని ఓసారి వెళ్లిరండి. ఎవరి నేల మీద మన పొయ్యి వెలుగుతోందో వాళ్లకీ తెలుస్తుంది.