విలియం టిండేల్

విలియం టిండేల్ సుమారు 1494వ సంవత్సరమున ఇంగ్లండునందలి గ్లాస్టరు మండలమున జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి, గ్రీకు మున్నగు పెక్కు భాషలయందు పండితుడయ్యెను.

ఆ కాలమున ఆ దేశపు దేవాలయములలో బైబిలు లాటిను భాషయందే పఠింపబడుచుండెను. సామాన్యులకు ఆ భాష తెలియదు. మతాధికారుల అనుమతి లేక దానిని ఆంగ్లమున అనువదించుట నేరము. పామరులు సైతము దానిని తమ భాషలో చదువుకొనవలెనని టిండేల్ సంకల్పించెను. లండను బిషప్పు తోడ్పడనందున, 1524లో జర్మనీకి వెడలెను.

కొలోను నగరమున ముద్రణ సాగుచుండగా అధికారులు అడ్డగించిరి. అచ్చయిన కాగితములతో అతడు తప్పించుకొని వోర్మ్సు నగరము చేరి, 1526లో గ్రీకు మూలము ననుసరించి క్రొత్త నిబంధనను ప్రకటించెను. బట్టల మూటలలో దాచి ఇంగ్లండునకు పంపిన ప్రతులను బిషప్పు దగ్ధము చేయించెను. టిండేల్ వెనుదీయక, హీబ్రూ భాష నేర్చి, 1530లో బైబిలునందలి తొలి ఐదు కాండములను వెలువరించెను.

1531లో రాజప్రతినిధి యొకడు స్వదేశమునకు రమ్మని అతనిని కోరెను. ప్రజలకు ఆంగ్ల బైబిలును అనుమతించినచో, తాను రచన మాని రాజు విధించు ఏ శిక్షకైనను లోబడుదునని టిండేల్ తెలిపెను. రాజు అందులకు సమ్మతింపలేదు.

1535లో ఆంట్వర్పు నగరమున, స్నేహము నటించిన ఒకడు అతనిని పట్టియిచ్చెను. విల్వోర్డు కోటలో ఏడాదికి పైగా బంధించి, 1536లో అతనికి మరణదండన విధించిరి. మూడేండ్లకే రాజాజ్ఞతో ఆంగ్ల బైబిలు వెలువడెను. 1611 నాటి ప్రసిద్ధానువాదమునందును టిండేల్ వాక్యములు పెక్కు నిలిచియున్నవి. జ్ఞానమును పామరులకు అందించుటకై ప్రాణమర్పించిన పండితుడుగా లోకము అతనిని స్మరించుచున్నది.