దేశోద్ధారకుని వ్యాపార దృష్టి

సత్తెనపల్లి పరిసరాలు పత్తికి, మిరపకు పేరుపొందినవి. పంట చేతికి వచ్చినప్పుడు ఉన్న ధరకు అమ్ముకొని నిశ్చింతగా ఉండాలనుకొనేవారు కొందరు. అదే మిరపను కారంగా, అదే పత్తిని నూలుగా మార్చి మరింత దూరం పంపగలమా అని యోచించేవారు మరికొందరు. సరుకు ఒక్కటే, ఆలోచన వేరు. ఈ రెండవ విధమైన ఆలోచనతో తెలుగువారిలో చిరకీర్తి గడించిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లాలో జన్మించారు. మచిలీపట్నంలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి పట్టభద్రులయ్యారు. ఆ కాలంలో పట్టభద్రునికి సర్కారు కొలువు గౌరవప్రదమైన జీవనమార్గం. ఆయన మనస్సు మాత్రం వ్యాపారం వైపు మొగ్గింది. కలకత్తాలో ఔషధాల తయారీలోని మెలకువలు తెలుసుకొని, బొంబాయి చేరి ఒక వర్తక సంస్థలో పనిచేశారు. ఇతరుల వద్ద పనిచేసిన ఆ రోజులు ఆయనకు జీతంతో పాటు అనుభవాన్ని కూడా ఇచ్చాయి.

తలనొప్పి, ఒళ్ళునొప్పులు బీదకూ ధనికునికీ సమానమే. అందరికీ అవసరమైన వస్తువును తయారుచేస్తే అందరూ కొనేవారే అవుతారు. ఈ దృష్టితోనే ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీకి పూనుకొన్నారు. కొత్త మందును జనం వెంటనే నమ్మరు. అందుచేత సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవారే దానికి ప్రచారకులయ్యారు. సాహసంతో పాటు మనుషుల మనస్తత్వం ఎరిగిన నేర్పు ఆయనను గెలిపించింది.

సంపద చేకూరిన తరువాత కూడా లోకంలోని కొరతను గుర్తించే చూపు మందగించలేదు. తెలుగువారికి మంచి పత్రిక లేని లోటు ఆయనను కలచివేసింది. 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో మద్రాసులో దానిని దినపత్రికగా మార్చారు. 1924లో భారతి సాహిత్య మాసపత్రికను, అనంతరం ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి, ఉత్తమ గ్రంథాలను తక్కువ వెలకు అందించారు. అమృతాంజనం ఆర్జించిన ధనం ఈ అక్షరసేవకు అండగా నిలిచింది.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆయన కారాగారవాసం అనుభవించారు. అధికారుల ఆగ్రహానికి గురైతే వ్యాపారానికి, పత్రికకు ముప్పు వాటిల్లవచ్చునని ఎరిగి కూడా వెనుకాడలేదు. కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మద్రాసులోని ఆయన గృహంలోనే. మరుసటి సంవత్సరం, 1938లో, ఆయన కన్నుమూశారు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని, విశ్వదాత అని కీర్తించారు.

పెట్టుబడి ఉన్న ప్రతివారూ పారిశ్రామికులు కాలేరు. ఎదుటివారి అవసరాన్ని గుర్తించడం, దానిని తీర్చే మార్గం వెదకడం, ఆ మార్గంలో ఎదురయ్యే నష్టానికి సిద్ధపడడం – ఈ మూడూ కలిసినప్పుడే సొంతంగా ఒక పని ప్రారంభించాలన్న కోరిక బలపడుతుంది. లాభం ఎవరికి ఉపయోగపడాలన్న ప్రశ్నను కూడా దానికి జోడించడమే నాగేశ్వరరావు పంతులు జీవితంలోని విశిష్టత.