మేజర్ జనరల్ పెర్సీ హోబార్ట్ - ఆలస్యంగా విన్న మాట

యూనిఫాం వేసుకున్నవాళ్ళకి భుజం మీద ర్యాంకు విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మేజర్ జనరల్‌గా రిటైరైన మనిషి, అదే యుద్ధంలో లాన్స్ కార్పొరల్‌గా, అంటే మన లాన్స్ నాయక్‌గా, ఊరి కాపలా దళంలో చేరాడంటే నమ్ముతారా? ఆయనే సర్ పెర్సీ హోబార్ట్.

హోబార్ట్ 1885 జూన్ 14న మన నైనిటాల్‌లో జన్మించారు. 1904లో రాయల్ ఇంజనీర్స్‌లో చేరి, బెంగాల్ సాపర్స్ అండ్ మైనర్స్‌తో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో మిలిటరీ క్రాస్ పొందారు. రాబోయే యుద్ధం ట్యాంకులదేనని నమ్మి 1923లో ట్యాంక్ కోర్‌కి మారిపోయారు. క్వెట్టా స్టాఫ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1934లో మొదటి ట్యాంక్ బ్రిగేడ్‌కి నాయకత్వం వహించారు. 1938లో ఈజిప్టు వెళ్ళి అక్కడి సాయుధ దళాన్ని తీర్చిదిద్దారు. తర్వాత 'ఎడారి ఎలుకలు'గా పేరు పొందిన 7వ ఆర్మర్డ్ డివిజన్ అదే.

అయితే ఆయనది ముక్కుసూటి మనస్తత్వం, దానికి తోడు కోపం. పైవాళ్ళతో పడలేదు. 1939 చివర్లో పదవి నుంచి తప్పించారు, 1940లో రిటైర్ చేశారు. ఆ తర్వాతే ఊళ్ళో ఒంటి గీతతో కాపలా పని.

అదే సమయంలో బ్రిటిష్ ట్యాంకుల పరిస్థితి ఏమిటి? కాల్బలంతో నడవడానికి బరువైనది ఒకటి, వేగంగా దూసుకుపోవడానికి తేలికైనది ఇంకొకటి. రెండింటికీ 2-పౌండర్ ఫిరంగే. 1940లో ఫ్రాన్స్‌లో దాదాపు 700 ట్యాంకులు పోయాయి. ఆ లోటు తొందరగా పూడ్చాలని పాత ఫిరంగినే తయారు చేస్తూ పోయారు. 6-పౌండర్ ఉత్పత్తి 1941 చివరికి గాని ఊపందుకోలేదు. కవెనంటర్ అనే ట్యాంకు 1,700 పైగా తయారైనా, ఇంజను వేడెక్కే జబ్బుతో యుద్ధానికి పనికిరాలేదు.

అందుకే సైనిక చరిత్ర చదివేవాళ్ళకి ఒక ఊహ వస్తుంది. హోబార్ట్‌ని ఇంటికి పంపకుండా, ట్యాంకు నమూనాలు ఖరారు చేసే చోట కూర్చోబెట్టి ఉంటే? రెండు రకాలకు బదులు ఒకే మంచి ట్యాంకు, పెద్ద ఫిరంగి పట్టే వెడల్పాటి టరెట్ ముందే వచ్చి ఉండేవా? రావచ్చు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ట్యాంకులే అన్నీ చేసేస్తాయన్న అతి నమ్మకం ఆయనకీ ఉండేది. కాల్బలం, ఆర్టిలరీ తోడు లేని ట్యాంకులు ఎడారిలో ఎంత నష్టపోయాయో అందరికీ తెలుసు. కాబట్టి ఆయనొక్కడే ఉంటే చాలునని చెప్పలేం.

ఊహ సంగతి అలా ఉంచి, జరిగింది చూద్దాం. చర్చిల్ పట్టుబట్టి ఆయన్ని వెనక్కి పిలిపించారు. 11వ ఆర్మర్డ్ డివిజన్‌కి శిక్షణ ఇచ్చాక, 1943లో 79వ ఆర్మర్డ్ డివిజన్‌కి ప్రత్యేక ట్యాంకుల పని అప్పగించారు. అక్కడ పాత సాపర్ బుద్ధి అక్కరకొచ్చింది. గొలుసులతో నేలని బాది మైన్లు పేల్చే ట్యాంకు, కాన్వాస్ తెర కట్టుకుని నీళ్ళలో ఈదే ట్యాంకు, నిప్పులు చిమ్మే ట్యాంకు, కాంక్రీట్ గోడలు బద్దలుకొట్టే ట్యాంకు. వీటిలో చాలావాటి ఆలోచన ఆయన సొంతం కాదు. వాటిని ఒక్క చోట చేర్చి, సిబ్బందికి తర్ఫీదిచ్చి, 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డుకి సిద్ధం చేయడమే ఆయన గొప్పతనం.

అన్ని పనులకీ పనికొచ్చే సెంచూరియన్ ట్యాంకు మాత్రం 1945 మేలో, యూరప్‌లో పోరు ముగిశాక చేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే! అయితే ఆ సెంచూరియన్లతోనే మన జవాన్లు 1965లో అసల్ ఉత్తర్‌లో, 1971లో బసంతర్‌లో పోరాడారు.

హోబార్ట్ 1957 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. మంచి ఆయుధం డ్రాయింగ్ బల్ల మీదే తయారు కాదు. దాన్ని వాడే సైనికుడి మాట వేళకి వినే చోట తయారవుతుంది. ఆ మాట కాస్త కటువుగా ఉన్నా సరే, వినాల్సిందే.