తెలుగు బిడ్డల కోసం సముద్రం దాటి వచ్చిన వైద్యురాలు: సిస్టర్ డాక్టర్ మేరి గ్లోరీ

ఈ వారం మనం తలచుకునే వ్యక్తి మన దేశంలో పుట్టలేదు. మన తెలుగు ఆమె తల్లి భాష కాదు. అయినా తెలుగు తల్లుల కోసం, వారి ఒడిలోని పసిబిడ్డల కోసం కన్నవారిని, సొంత దేశాన్ని, మంచి ఆదాయం ఉన్న వృత్తిని విడిచి వచ్చారు. మళ్లీ వెనక్కు వెళ్లకుండా ఈ దేశంలోనే కన్నుమూశారు. ఆమె డాక్టర్ మేరి గ్లోరీ. మఠంలో ఆమె పేరు సిస్టర్ మేరి ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్, అంటే తిరుహృదయ మరియ. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

పరదేశాలకు వెళ్లి పిల్లల రక్షణ కోసం, వారి హక్కుల కోసం స్వచ్ఛందంగా పనిచేయాలనే కోరిక ఈనాడు చాలామంది కతోలిక యువతీయువకుల్లో ఉన్నది. పిల్లల సేవకని మన ప్రాంతాలకు వచ్చే విదేశీయులూ ఉన్నారు. అటువంటి పిలుపు వచ్చినవారు ఏమి చేయాలో, ఎలా చేయాలో ఈ తల్లి జీవితం నేర్పుతుంది.

మేరి గ్లోరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో జన్మించారు. ఐర్లండు నుండి వలస వచ్చినవారి వంశం. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవవారు. తరువాత కుటుంబం వాచెం అనే పల్లెకు మారింది. గోధుమ పండే మెట్ట ప్రాంతమది. జపమాల, దివ్యబలిపూజ ఆ ఇంట తప్పనివి. చదువులో చురుకైన ఆ బాలిక స్కాలర్‌షిప్పు మీద మెల్‌బోర్న్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1910లో పట్టా పొందారు. స్త్రీలు డాక్టర్లు కావడం చాలా అరుదైన కాలమది. న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో కొంతకాలం ఆసుపత్రి అనుభవం సంపాదించి తిరిగి మెల్‌బోర్న్ వచ్చారు. కంటి ఆసుపత్రిలోను, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోను పనిచేస్తూ, పేరున్న డాక్టర్లుండే కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు పెట్టారు. ముప్పయి ఏండ్లు నిండకముందే గౌరవమూ ఆదాయమూ రెండూ వచ్చాయి.

1915 అక్టోబరు 24న ఒక చిన్న కరపత్రం ఆమె చేతికి వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ జీవితం గురించినది. స్కాట్లండుకు చెందిన ఈ వైద్యురాలు అరవై ఏండ్లు దాటాక కతోలిక విశ్వాసంలో చేరారు. గోషాలో ఉన్న భారతీయ స్త్రీలు మగ డాక్టర్ల ఎదుటికి రాలేక, వైద్యం లేక మరణిస్తున్నారని, వారితోపాటు పసికందులూ పోతున్నారని తెలుసుకుని రావల్పిండిలో ఒక ఆసుపత్రి నెలకొల్పారు. ఆసుపత్రి కట్టడం తేలికే. అందులో స్థిరంగా ఉండి పనిచేసే వైద్యురాళ్లు దొరకడమే కష్టం. జీవితాన్ని దేవునికి అర్పించిన కన్యస్త్రీలు వైద్యం చదివితే ఈ లోటు తీరుతుందని ఆమె తలచారు. అయితే కన్యస్త్రీలు వైద్యవృత్తి చేయరాదని, ముఖ్యంగా కాన్పులు చేయరాదని ఆనాటి శ్రీసభ నియమాలు చెప్పాయి. ఆ నియమం మార్చమని ఆ వృద్ధురాలు రోముకు పలుమార్లు వెళ్లి విన్నవించారు. ఫలితం చూడకుండానే 1913లో మరణించారు.

ఈ చరిత్ర చదివిన మేరి గ్లోరీ మోకరించి ప్రార్థించారు. దేవుడు తనను భారతదేశానికి పిలుస్తున్నాడని ఆమెకు తేటతెల్లమైంది.

ఆ కరపత్రంలోని బాధ ఎంతటిదో ఈనాటి మనం ఊహించుకోవడం కష్టం. ఆ కాలంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో రెండువందల మంది వరకు మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోయడం వల్ల ధనుర్వాతం వచ్చేది. కాన్పులోనే సోకిన చీము వల్ల కొందరు బిడ్డల కళ్లు పోయేవి. బాల్యవివాహాల వల్ల పదమూడు, పద్నాలుగు ఏండ్ల పిల్లలే తల్లులయ్యేవారు. అంటే ఒక పురిటి మంచం మీద ఆపదలో ఉన్నది ఇద్దరు పిల్లలన్నమాట. పిల్లల హక్కులు అనగానే మనకు బడి, ఆట, పలక, పుస్తకం గుర్తుకు వస్తాయి. వీటన్నిటికంటే ముందున్నది బ్రతికే హక్కు. ఆ హక్కు తల్లి ఆరోగ్యంతో ముడిపడి ఉన్నదని మేరి గ్లోరీ గ్రహించారు.

పిలుపు అందగానే ఆమె ఓడ ఎక్కలేదు. నాలుగేండ్లకు పైగా సిద్ధపడ్డారు. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. డాక్టర్లు చాలక ఆసుపత్రులు అల్లాడుతున్న ఆ రోజుల్లో ఆమె తన ఊరి రోగులను విడిచిపెట్టలేదు. 1916లో విక్టోరియాలోని కతోలిక స్త్రీల సాంఘిక సంఘానికి మొదటి అధ్యక్షురాలై, పేద స్త్రీల, పిల్లల స్థితిగతులపై పనిచేశారు. మరోవైపు భారతదేశంలో ఏమి అవసరమో దానినే చదివారు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి జబ్బులు - ఈ మూడింటిలో ప్రావీణ్యంతో 1919లో ఎం.డి. పట్టా పొందారు. తనకు తెలిసినది పంచిపెట్టడానికి రావడం వేరు, ఎదుటివారికి కావలసినది నేర్చుకుని రావడం వేరు. ఆమె రెండవ దారిని ఎంచుకున్నారు.

1920 జనవరిలో ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. అక్కడ 1904 నుండి హాలండు దేశానికి చెందిన యేసు మరియ జోజప్ప సభ కన్యస్త్రీలు సేవ చేస్తున్నారు. మనం జె.ఎం.జె. సిస్టర్లు అని పిలిచేది వీరినే. వారి దగ్గర చిన్న మందుల గది ఉన్నది గాని డాక్టరు లేరు. అదే పట్టణంలో లూథరన్ మిషనుకు చెందిన అమెరికా వైద్యురాలు డాక్టర్ ఆనా కుగ్లర్ 1883 నుండే స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేస్తున్నారు. ఈ విషయంలో మన కతోలిక సేవ వెనుకబడి ఉన్నదంటే ప్రేమ లేక కాదు, నియమం అడ్డుగా ఉన్నందువల్ల. మేరి గ్లోరీ సభలో చేరి నవీసియత్ ముగించి మాటపట్టు ఇచ్చారు. కన్యస్త్రీగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపు 15వ బెనెడిక్టు గారి నుండి ఆమెకు ప్రత్యేక అనుమతి లభించింది. లోకంలో డాక్టరుగా పనిచేసిన తొలి కతోలిక కన్యస్త్రీగా ఆమెను చెప్పుకుంటారు. ఆ నియమం అందరికీ సడలింది 1936లో. ఆమె గుంటూరు చేరిన పదహారేండ్లకు.

మందుల గది క్రమంగా సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి అయింది. కులం, మతం, డబ్బు అడగకుండా లక్షల మంది రోగులకు అక్కడ వైద్యం జరిగింది. నడవలేని రోగుల కోసం సిస్టరుగారు పల్లెలకూ వెళ్లారు. మన దేశవాళీ మూలికల గుణాలను కూడా శ్రద్ధగా పరిశీలించారు.

అయితే ఆమె చేసిన పనులలో అన్నిటికంటే గొప్పది మరొకటి ఉన్నది. తానొక్కరే ఎన్ని పురుళ్లు పోసినా గుంటూరు జిల్లా పల్లెలన్నిటికీ చాలదని ఆమెకు తెలుసు. పరదేశం నుండి వచ్చిన డాక్టరు చనిపోతే, లేదా తిరిగి వెళ్లిపోతే, ఆ తల్లులు మళ్లీ మొదటికే వస్తారు. అందుకని స్థానిక యువతులకు తర్ఫీదు ఇవ్వడం ప్రారంభించారు. తెలుగు ఆడపిల్లలు నర్సులుగా, మందులు కలిపి ఇచ్చే కంపౌండర్లుగా, శుభ్రత తెలిసిన మంత్రసానులుగా తయారయ్యారు. ఒక్కొక్కరు వెళ్లిన ఊరిలో పసిబిడ్డల ప్రాణానికి ఒక్కొక్క కాపు ఏర్పడింది.

ఆ తరువాత ఆమె చూపు దేశమంతటికీ విస్తరించింది. కతోలిక ఆసుపత్రులు ఎక్కడికక్కడ విడివిడిగా ఉండడం మంచిది కాదని, 1943లో మరికొందరు కన్యస్త్రీలతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. అదే నేటి కతోలిక ఆరోగ్య సంఘం. మూడు వేలకు పైగా సంస్థలు అందులో సభ్యులు. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో ఉన్నది. మన జహీరాబాద్ నుండి బొంబాయి రోడ్డు మీద బస్సెక్కితే కొద్ది గంటల్లో చేరే చోటు. మన దేశానికి ఒక కతోలిక వైద్య కళాశాల కావాలని కూడా ఆమె కలగన్నారు. ఆ కల 1963లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలగా ఫలించింది. అప్పటికి ఆమె లేరు. క్యాన్సరుతో తీవ్రమైన బాధ అనుభవించి 1957 మే 5న బెంగళూరులో ప్రభువులో నిద్రించారు.

ఆమె గుంటూరుకు బయలుదేరే ముందు నెలల్లోనే మరొక సంఘటన జరిగింది. యుద్ధానంతరం మధ్య ఐరోపాలో ఆకలితో అలమటిస్తున్న పిల్లల కోసం 1919 నవంబరు 24న పోపు 15వ బెనెడిక్టు గారు లోకమంతటికీ లేఖ వ్రాశారు. హేరోదు చంపించిన నిర్దోషులైన శిశువుల పండుగ అయిన డిసెంబరు 28న అన్ని దేవాలయాల్లో చందా పట్టమన్నారు. మరుసటి సంవత్సరం లేఖలో, ఇంగ్లండులో ఎగ్లంటైన్ జెబ్ అనే మహిళ చొరవతో ఏర్పడిన సేవ్ ద చిల్డ్రన్ సంస్థను పేరెత్తి మెచ్చుకున్నారు. ఆమె కతోలికురాలు కాకపోయినా ఆ తేడా ఎంచలేదు. జెబ్ వ్రాసిన పిల్లల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. దాని కొనసాగింపుగానే 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒడంబడిక వచ్చింది. వాటికన్ 1990లోను, మన దేశం 1992లోను అందులో చేరాయి. గుంటూరు పురిటి గదిలో జరిగిన పనీ, జెనీవా కాగితం మీద జరిగిన పనీ ఒకే బిడ్డ కోసం.

ఫలితం కళ్లకు కనిపిస్తూనే ఉన్నది. వెయ్యికి రెండువందలున్న శిశుమరణాలు 2020 నాటికి దేశంలో 28కి తగ్గాయి. ఆ 28 కూడా మన బిడ్డలే.

జహీరాబాద్ ప్రాంతపు కతోలిక కుటుంబాలు ఈ చరిత్రను చదివి ఊరుకోరాదు. చెరకు కోతలకు వలసపోయే తల్లిదండ్రుల వెంట వెళ్లి బడి మానిన పిల్ల మన పొరుగునే ఉండవచ్చు. పదవ తరగతి కాకుండానే పెండ్లిచూపులకు కూర్చోబెట్టిన అమ్మాయి మన బంధువుల ఇంటిలోనే ఉండవచ్చు. పద్దెనిమిది నిండని ఆడపిల్లకు పెండ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. పిల్లలపై లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకుండా దాచడం 2012 చట్టం ప్రకారం శిక్షార్హం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు. ఈ సేవకు పాస్‌పోర్టు అక్కరలేదు.

ఇక దూరదేశ సేవకు నిజంగా పిలుపు ఉన్న యువతకు మేరి గ్లోరీ జీవితం మూడు ప్రశ్నలు వేస్తుంది. అక్కడి పిల్లలకు కావలసిన పని నీకు వచ్చా? వారి భాష, వారి అలవాట్లు నేర్చుకునేంత కాలం ఉంటావా? నీవు వెళ్లాక ఆ పని చేయడానికి ఎవరిని తయారుచేస్తావు? రెండు వారాలుండి, అనాథ పిల్లలకు మనసు పంచి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయేవారి వల్ల ఆ పిల్లలకు మరోసారి ఎడబాటే మిగులుతుంది. పిల్లల మధ్యకు వచ్చే ప్రతివారిని, వారు విదేశీయులైనా, గురువులైనా, ఉపాధ్యాయులైనా, ముందుగా విచారించి, నియమాలకు లోబరచి మాత్రమే అనుమతించాలి. పవిత్రమైన వేషం మాత్రమే పిల్లలకు రక్షణ కాదని శ్రీసభ ఎంతో బాధతో తెలుసుకున్నది. అందుకే పోపు ఫ్రాన్సిస్ గారు 2014లో పిల్లల రక్షణకు ప్రత్యేక సంఘాన్ని నియమించి, 2019లో కఠినమైన నియమాలు చేశారు. ఆ నియమాలు మన విచారణల్లోనూ అమలు కావాలని అడగడం గురువులను అగౌరవపరచడం కాదు. అది తల్లిదండ్రుల బాధ్యత.

ప్రభువు ఒక బిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టాడు. ఆ బిడ్డ ఈనాడు మన ఊరిలో, మన వీధిలో ఉన్నది. మేరి గ్లోరీని శ్రీసభ త్వరలో పునీతురాలిగా గౌరవించే దినం కోసం ప్రార్థిద్దాం. ఈ వారం మన కుటుంబ ప్రార్థనలో, బడికి వెళ్లని, వైద్యం అందని ఒక బిడ్డ పేరును తలచుకుందాం. తెల్లవారాక ఆ బిడ్డ ఇంటికి వెళదాం.