గణిత తపస్వి రామానుజన్

శ్రీనివాస రామానుజన్ 1887లో ఈరోడులో జన్మించి, కుంభకోణంలో చదువుకున్నారు. గణితంపైనే మనస్సు నిలిపి ఎఫ్.ఏ. పరీక్షలో తప్పారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా అయ్యారు. 1914లో కేంబ్రిడ్జికి పయనమయ్యారు.

తనకంటె చిన్నవైన ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలు గల సంఖ్యలను ఆయన ఒక ప్రత్యేక వర్గంగా పరిశీలించారు. 12కు ఆరు కారణాంకాలు. దానికి లోబడిన ఏ సంఖ్యకూ అన్ని లేవు. అట్టి 102 సంఖ్యలను 1915 నాటి వ్యాసంలో పట్టికగా ఇచ్చారు. చివరిదైన 67,46,32,83,88,800కు 10,080 కారణాంకాలు! కంప్యూటర్లు లేని కాలమది. పరీక్ష తప్పిన ఆయనకు 1916లో బి.ఏ. పట్టా తెచ్చినది ఈ వ్యాసమే.

పట్టికలో ఒక్క సంఖ్య మాత్రం జారిపోయింది: 2,93,31,86,25,600. విచిత్రమేమంటే, దానిని 23తో గుణిస్తే ఆయన వ్రాసిన చివరి సంఖ్యే వస్తుంది. 1920లో, 32వ ఏట ఆయన కన్నుమూశారు.