డాక్టర్ సన్ యట్ సేన్ - సింగపూర్‌లోని ఒక పాత బంగళా

పిల్లలను చూడడానికి సింగపూర్ వెళ్లివచ్చే పెన్షనర్లు మన ఇబ్రహీంపట్నం ప్రాంతంలోనూ ఉన్నారు. మెర్లయన్ బొమ్మ, ముస్తఫా సెంటర్, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి అందరూ చూస్తారు. ఆ గుడికి ఎంతో దూరం లేని బాలెస్టియర్ ప్రాంతంలో, తాయ్ జిన్ రోడ్డులో ఉన్న రెండంతస్తుల పాత బంగళాను మాత్రం చూసివచ్చేవారు తక్కువ. చైనాలో రాచరికం అంతం కావడానికి కారకులైన డాక్టర్ సన్ యట్ సేన్ బస చేసిన ఇల్లది.

సన్ 1866 నవంబరు 12న దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పేద రైతు కుటుంబంలో పుట్టారు. 1879లో హవాయి దీవులలో ఉన్న అన్నగారి వద్దకు వెళ్లి చదువుకున్నారు. 1892లో హాంకాంగ్‌లో వైద్యవిద్య పూర్తి చేశారు. రోగులకు మందిస్తే చాలదు, దేశానికి పట్టిన జబ్బు వదిలించాలన్న తపన ఆయనను వృత్తిలో నిలవనీయలేదు. 1895లో గ్వాంగ్‌జౌలో తలపెట్టిన తిరుగుబాటు బయటపడింది. సహచరులు మరణశిక్షకు గురికాగా, ఆయన దేశం విడిచారు. మరుసటి ఏడాది లండన్‌లో చైనా రాయబార కార్యాలయం వారు ఆయనను పన్నెండు రోజులు నిర్బంధించారు. హాంకాంగ్‌లో చదువు చెప్పిన గురువు డాక్టర్ కాంట్లీ పట్టుదలతో ప్రయత్నించబట్టి ప్రాణాలతో బయటపడ్డారు.

1905లో టోక్యోలో విప్లవ సంఘాన్ని స్థాపించి, 1906లో సింగపూర్‌లో దాని శాఖను ప్రారంభించారు. అందుకు వేదిక ఈ బంగళాయే. తియో ఎంగ్ హాక్ అనే వ్యాపారి తన తల్లి వృద్ధాప్యంలో ప్రశాంతంగా గడపాలని దీనిని 1905లో కొన్నారు. దీని చైనా పేరు వాన్ చింగ్ యువాన్. వాన వెలిసిన సాయంత్రపు తోట అని చెప్పుకోవచ్చు. అమ్మ విశ్రాంతి కోసం కొన్న ఇంటిని కొడుకు విప్లవానికి అప్పగించారు. పట్టుబడితే ఆస్తి, వ్యాపారం, చైనాలోని బంధువుల ప్రాణాలు అన్నీ ప్రమాదంలో పడేవే. 1907, 1908 సంవత్సరాలలో చైనాలో జరిగిన మూడు తిరుగుబాట్లకు ఇక్కడే పథకాలు వేశారు. మూడూ విఫలమయ్యాయి.

ఆ రోజులలో సింగపూర్, మలయాలలో విప్లవకారులు పత్రికలు, పఠన మందిరాలు నడిపారు. కూలీలు, చిన్న దుకాణదారులు సైతం చందాలిచ్చారు. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం నిజాం రాజ్యంలో ఎంత చైతన్యం తెచ్చిందో తెలిసిన మనకు పఠన మందిరాల బలం వేరే చెప్పనక్కరలేదు.

1910లో సన్ తన కార్యస్థానాన్ని పెనాంగ్‌కు మార్చారు. అక్కడ నిర్ణయించిన 1911 ఏప్రిల్ తిరుగుబాటు కూడా రక్తపాతంతో ముగిసింది. చివరకు 1911 అక్టోబరు 10న వుచాంగ్‌లో సైనికులు తిరగబడినప్పుడు ఆయన అమెరికాలో ఉన్నారు. ఆ విజయవార్త పత్రికలో చదివి తెలుసుకున్నారు. 1912 జనవరి 1న తాత్కాలిక అధ్యక్షులయ్యారు. అంతర్యుద్ధం రాకూడదని కొద్ది వారాలకే యువాన్ షికాయ్ కోసం పదవి వదులుకున్నారు. యువాన్ ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోలేదు. సన్ మళ్లీ ప్రవాసం పోవలసి వచ్చింది. ఐక్య చైనాను చూడకుండానే 1925 మార్చి 12న బీజింగ్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. భార్య సూంగ్ చింగ్ లింగ్‌కు ఆయన మిగిల్చినవి పుస్తకాలు, బట్టలు, షాంఘైలో ఒక ఇల్లు. ఆ ఇల్లు కూడా ప్రవాస చైనీయులు ఇచ్చినదే.

సింగపూర్ బంగళా కూడా కష్టాలు చూసింది. చేతులు మారి పాడుబడింది. 1937లో ఆరుగురు చైనా వ్యాపారులు కలిసి కొని నిలబెట్టారు. జపాను ఆక్రమణ కాలంలో సైన్యం వాడుకుంది. 1994లో జాతీయ స్మారక కట్టడమైంది. 2001లో ప్రదర్శనశాలగా తెరిచారు.

ఈసారి సింగపూర్ వెళ్లే సభ్యులు ఒక పూట ఈ ఇంటికి కేటాయించి, మనవలను కూడా వెంట తీసుకెళ్లాలని మనవి. ఓటమి మీద ఓటమి ఎదురైనా ప్రయత్నం విడవని ఒక మనిషిని, తల్లి కోసం కొన్న ఇంటిని విప్లవం కోసం తెరిచిన మరో మనిషిని వారు తెలుసుకుంటారు.