మూడవ రిచర్డు – నాటకమందలి రాజు, చరిత్రయందలి రాజు

ఓడినవారి చరిత్రమును తరచుగా గెలిచినవారే వ్రాయుదురు. ఇంగ్లండు రాజైన మూడవ రిచర్డు జీవితము ఇందుకు తార్కాణము.

రిచర్డు 1452వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఫాదరింగే దుర్గమున జన్మించెను. ఇతడు ప్లాంటాజెనెట్ వంశమున యార్కు శాఖకు చెందినవాడు. దాయాదులైన యార్కు, లాంకాస్టరు శాఖలవారు అప్పుడు సింహాసనమునకై పోరాడుచుండిరి. 1460లో వేక్‌ఫీల్డు యుద్ధమున ఇతని తండ్రి మరణించెను. అప్పటికి రిచర్డు ఎనిమిదేండ్ల బాలుడు. మరుసటి యేడు పెద్దయన్న నాల్గవ ఎడ్వర్డు రాజయ్యెను. రిచర్డు పదునెనిమిదేండ్ల ప్రాయముననే, 1471లో, బార్నెట్, ట్యూక్స్‌బరీ యుద్ధములందు అన్న పక్షమున పోరాడెను. పిదప ఉత్తర ఇంగ్లండు పాలనాభారమును వహించి అచటివారి మన్నన బడసెను.

1483 ఏప్రిలులో ఎడ్వర్డు మరణించెను. పండ్రెండేండ్ల కుమారునకు రిచర్డు సంరక్షకుడయ్యెను. అయితే సంరక్షకుడే సింహాసనమును గైకొనెను. హేస్టింగ్సు ప్రభువును విచారణ లేకయే చంపించెను. అన్న వివాహము చెల్లదను కారణమున పిల్లలు అనర్హులైరి. జూలై 6న రిచర్డునకు పట్టాభిషేకము జరిగెను. లండను టవరులోని రాకుమారు లిరువురును క్రమముగా కనుమరుగైరి. వారి గతి నేటికిని తేలలేదు.

ఈ రాజే 1484లో పార్లమెంటుచే మంచి శాసనములను చేయించెను. నేరము రుజువు కాకముందే నిందితుని సొత్తు లాగుకొనరాదనియు, కానుకల పేర ప్రజలనుండి ధనము గుంజరాదనియు విధించెను. విదేశ వర్తకులకు నిర్బంధములు పెట్టినను, గ్రంథములను ముద్రించువారికిని, అమ్మువారికిని మినహాయింపు నిచ్చెను.

ఆ యేడే ఏకైక ఔరసపుత్రుడును, మరుసటి యేడు భార్య ఆన్‌యు గతించిరి. 1485 ఆగస్టు 22న బాస్వర్తు రణరంగమున హెన్రీ ట్యూడరు సేనతో పోరాడుచు రిచర్డు నేలకొరిగెను. వయస్సు ముప్పదిరెండేండ్లు. యుద్ధభూమిలో మడిసిన కడపటి ఇంగ్లండు రాజు ఇతడే. దేహమును లెస్టరు నగరమున ఒక మఠమునందు పూడ్చిరి.

అటుపిమ్మట ట్యూడరుల పాలన వచ్చెను. థామస్ మోరు తన గ్రంథమున రిచర్డును క్రూరునిగా చిత్రించెను. హెన్రీ మనుమరాలి కుమార్తె కాదు, మనుమరాలే యైన ఎలిజబెత్తు రాణి కాలమున షేక్స్పియరు అతనిని గూనివానిగా, చచ్చుబడిన చేయి గలవానిగా రంగమున నిలిపెను. ఆ నాటకప్రభావమున లోకము కల్పననే చరిత్రగా నమ్మెను. 1951లో జోసెఫీన్ టే రచించిన నవల రిచర్డు నిర్దోషి యని వాదించెను. అదియు కల్పనయే.

2012లో లెస్టరునందు ఒక కార్ల నిలుపుస్థలము క్రింద అస్థిపంజర మొకటి బయల్పడెను. రిచర్డు సోదరి సంతతివారి డి.ఎన్.ఏ.తో పోల్చి, అది రిచర్డుదే యని 2013లో ప్రకటించిరి. వెన్నెముక ప్రక్కకు వంగియుండెను గాని గూని లేదు, చేయి చచ్చుబడలేదు. 2015 మార్చి 26న లెస్టరు కెథీడ్రలునందు సగౌరవముగా సమాధి చేసిరి.

బాలబాలికలారా! ఎముకలు అతని రూపమును గూర్చిన యబద్ధమును తొలగించినవి. రాకుమారులను గూర్చిన ప్రశ్నకు మాత్రము బదులు చెప్పలేదు. కావున నాటకమును ఆనందముతో చదువుడు. తీర్పు చెప్పుటకు ముందు సాక్ష్యము నడుగుడు.